పదకొండో వరస

ఆఫీసు వెబ్ పేజీ రాయడమంటే ఆమె లెక్కలో రాయడం కాదు, సర్దడం. తెర పైభాగాన బటన్ల పట్టీ ఉంటుంది. అక్షరాన్ని లావు చేసేదొకటి, వాల్చేదొకటి, రంగుల డబ్బా ఒకటి, పట్టిక గీసేది ఇంకొకటి. మౌసుతో పట్టుకుని ఎక్కడ పెడితే అక్కడ కూర్చుంటుంది. జనం ఫోన్లలో ఎలా చూస్తారో ఇక్కడా అలాగే కనిపిస్తుంది. నీటి సరఫరా ఆఫీసులో పద్దెనిమిదేళ్లు టైపు కొట్టిన చెయ్యి ఈ పనికి మూడు రోజుల్లో అలవాటు పడింది. తెర అడుగున చెవుల్లాంటి మీటలు రెండుంటాయి. ఒకదాని మీద 'పేజీ' అని, రెండోదాని మీద 'కోడు' అని రాసి ఉంటుంది. రెండోదాన్ని ఆమె ఒక్కసారే నొక్కింది, అదీ చెయ్యి జారి. కుట్టుపువ్వుల గుడ్డని వెనక్కి తిప్పితే ముళ్లూ పోగులూ బయటపడ్డట్టు ఏవేవో గుర్తులు బయటపడ్డాయి. చటుక్కున మూసేసింది. నేర్పడానికి వచ్చినతను, "దాంతో మీకు పనిలేదమ్మా. మీరు బొమ్మ చూసి చేసుకోండి, వెనకదంతా అదే రాసుకుంటుంది" అన్నాడు. ఆమె నమ్మింది. ఆఫీసంతా ఆమెను పేజీలమ్మ అనేది.

సోమవారం పొద్దున ల్యాబు అతను నెల ఫలితాల కాగితం తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఎప్పుడూ పెట్టి వెళ్లిపోయేవాడు, ఆ రోజు కాసేపు నిలబడ్డాడు. కలం జేబులో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"పదకొండోది కాస్త చూసి కొట్టండి" అన్నాడు.

ఇరవై నాలుగు వీధులు, ఇరవై నాలుగు వరసలు. పదకొండోది మిల్లు లైను. సీసం గడిలో 'పరిమితికి నాలుగింతలు', ఫలితం గడిలో 'తాగుటకు పనికిరాదు'. కాగితం మీద ల్యాబు అతని సంతకం. ఆ సంతకం మిగతా నెలల కంటే లోతుగా దిగి ఉంది.

ఆమె అక్క కాపురం మిల్లు లైనులోనే.

"రెండోసారి చూశారా?" అంది.

"మూడుసార్లు చూశాను. కొత్త గొట్టాలేసిన చోటే ఉంది. పాత గొట్టాలున్న వీధులన్నీ బాగున్నాయి" అని వెళ్లిపోయాడు.

ఆమె కొట్టడం మొదలుపెట్టింది. పదకొండో వరస దగ్గర వేళ్లు ఒక్క క్షణం ఆగాయి, మళ్లీ కదిలాయి. ఇరవై నాలుగూ పూర్తయ్యి, పేజీని జనం చూసేలా పైకి పంపే బటన్ మీదికి మౌసు వెళ్లేలోపల సెక్షను పెద్ద వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పదకొండోది శుక్రవారం దాకా కనిపించకూడదమ్మా."

శుక్రవారం పెద్దవాళ్లొస్తున్నారు. గొట్టాల రెండో విడత పనికి కొబ్బరికాయ కొడతారు. కాంట్రాక్టరు పాతవాడే. ఈ సంగతి ఆఫీసులో ఊడ్చే మనిషికి కూడా తెలుసు.

"సరే సార్" అంది.

ఆయన అటు తిరగ్గానే 'వరస తీసివేయి' నొక్కింది. పదకొండో వరస పోయింది. దాంతోపాటు ఎడమపక్కన ఆరు వరసలకి కలిపి కట్టిన 'తూర్పు ప్రాంతం' అనే పొడుగు గడి కూడా పోయింది, ఎందుకంటే అది మొదలయ్యేది ఆ వరసలోనే. స్తంభం లాగేసిన పందిరిలా కింది అయిదు వరసలూ ఒక గడి ఎడమకి ఒరిగిపోయాయి. వీధుల పేర్లు ప్రాంతం కిందికి, తారీకులు వీధుల కిందికి, సీసం లెక్కలు తారీకుల కిందికి వచ్చి కూర్చున్నాయి. ఆయన మళ్లీ వచ్చి చూశాడు.

"ఇదేంటమ్మా, పెళ్లివారు లేచిపోయిన విడిదిల్లులా ఉంది? తీసెయ్యమని నేనన్నానా?"

"కనిపించకూడదన్నారు కదా సార్."

"కనిపించకూడదన్నాను. ఉండకూడదని అనలేదు. రెండు రోజుల్లో పెట్టాలని రూలుంది. పెట్టినట్టుండాలి, కనిపించకూడదు. ఎలాగో మీకు తెలుస్తుంది, ఇన్నేళ్ల చెయ్యి."

ఆమె వెనక్కి తిప్పే బటన్ నొక్కి వరసను మళ్లీ తెచ్చింది. గడిలో అక్షరాలు చెరిపి చూసింది. పైకి పంపబోతే ఎర్ర చీటీ వచ్చింది: 'గడి ఖాళీగా ఉంది.' అడ్డగీత పెడదామా అని అడిగింది. "గీత పెడితే పరీక్ష చెయ్యలేదనుకుంటారు పైవాళ్లు, అది నా పీకల మీదికొస్తుంది" అన్నాడాయన. అని, కిటికీ వైపు చూస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు, "మీ ఏడాది కాగితం నా టేబుల్ మీదే ఉంది. ఈ వారంలోనే పంపించేద్దాం" అన్నాడు.

ఏడాదికోసారి ఆ కాగితం మీద ఆయన సంతకం పడితేనే ఆమెకి ఇంకో ఏడాది కుర్చీ ఉంటుంది. ఇంట్లో నడుం పడిపోయి రెండేళ్లుగా మంచం దిగని భర్త. పొయ్యి మీద కుండ ఎక్కేది ఈ కుర్చీ వల్లే. ఇది బెదిరింపని ఎవరూ అనలేరు. బెదిరింపులన్నీ ఇలాగే ఉంటాయి, పలకరింపుల్లా.

ఆమె మౌసుతో రెండు గడుల్లోని అక్షరాలను పట్టుకుంది. రంగుల డబ్బా తెరిచింది. నలుపు, ఎరుపు, నీలం, బూడిద, తెలుపు. తెలుపు నొక్కింది. తెల్ల గడిలో తెల్ల అక్షరాలు. మిల్లు లైను, తారీకు, ఆ తర్వాత ఏమీ లేదు. పైకి పంపే బటన్ నొక్కింది. ఎర్ర చీటీ రాలేదు.

"చూశారా, మీకు తెలుసన్నాను కదా" అన్నాడు సెక్షను పెద్ద. ఆయన చేతులు వెనక్కి కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

ఆ సాయంత్రం ఆమె ఆఫీసులో తాగేందుకు తెప్పించే నీళ్ల క్యాను ఒకటి అడిగి తీసుకుని, చంకనెత్తుకుని మిల్లు లైనుకు నడిచింది. అక్క గడప దగ్గర కూర్చుని రెండు నెలల మనవరాలి పాలసీసా తోముతోంది. కాన్పుకొచ్చిన కూతురికి పాలు పడలేదు. పొడిపాలు కలిపి పడుతున్నారు.

"ఇదేంటే చిన్నదానా, నీళ్లు మోసుకొచ్చావు? మా వీధిలో పంపు ఎండిపోయిందని ఎవరన్నా చెప్పారా?"

"ఆఫీసులో మిగిలింది. పసిదానికి ఇవి కలపండి."

"పంపు నీళ్లయినా మరగబెట్టే పడుతున్నాం. కుతకుతా ఉడికిస్తున్నా, పురుగన్నది మిగలకుండా."

సీసం పురుగు కాదు. మరిగిస్తే నీళ్లు తగ్గుతాయి గాని సీసం తగ్గదు, ఇంకా చిక్కబడుతుంది. ల్యాబు అతను ఓసారి చెప్పగా విన్న ముక్క అది. నాలుక చివరికొచ్చింది. మింగేసింది.

"ఎందుకైనా మంచిది, ఇవే పట్టు" అంది.

పక్కింటి కుట్టుమిషను ఆవిడ తలుపు దగ్గర రెండేళ్ల మనవరాలికి చెంబుతో నీళ్లు తాగిస్తోంది. ఆ పిల్ల రెండు చేతులతో చెంబు పట్టుకుని, ముక్కు మునిగేలా, గటగటా తాగింది. పేజీలమ్మ చెప్పులు వేసుకుని, అటు చూడకుండా బయటపడింది.

బావ ఫోను మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. అన్నం డబ్బా మూత తీసి ఇంకా ముద్ద కలపలేదు.

బావకి పుట్టుకతోనే చూపు లేదు. ముప్పయ్యేళ్లు ఆస్పత్రి టెలిఫోను బోర్డు మీద పనిచేసి దిగిపోయాడు. హలో అన్న గొంతుని బట్టి ఇంట్లో చావా, కాన్పా చెప్పేసేవాడని పేరు. ఇప్పుడు ఆయన ఫోనులో ఒక ఆడగొంతు ఉంది. తెర మీద ఏముంటే అది చదివి వినిపిస్తుంది. దాన్ని ఆయన 'రెండో పెళ్లాం' అంటాడు. అక్క 'సవతి' అంటుంది.

"మరదలా, నీ పేజీ మా వీధిని తిడుతోందేంటి?" అన్నాడు.

"ఏమంది బావా?"

"నెలనెలా వింటాను కదా, మా మరదలు రాసిన పేజీ అని. ఇవాళ రెండో పెళ్లాం మిల్లు లైను దగ్గరికొచ్చి నాలుగింతలంది, తాగుటకు పనికిరాదంది. సరే, దానికి మనసు బాలేదేమో అని రెండోసారి చదివించాను. మాట మార్చలేదు."

తెల్లరంగు కంటికే. చెవికి రంగేముంటుంది? ఆ ఆలోచన ఆమెకి రాలేదు. ఆయనకీ రాలేదు, చేతులు వెనక్కి కట్టుకున్నాయనకి. కళ్లున్నవాళ్లు కళ్లున్నవాళ్ల కోసమే దాస్తారు.

"అక్కని చూడమనకపోయావా?" అంది.

"చూసింది. గడి ఖాళీగా ఉందంది. కుట్టుమిషను ఆవిడా చూసింది. ఆవిడ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కళ్లులేని పెద్దాయనకి లేనివి వినిపిస్తున్నాయి, చెవిలో నూనె పొయ్యమంది. అందుకే నిన్నడుగుతున్నా. రాసినదానివి నువ్వు. ఉందా, లేదా?"

డబ్బాలో అన్నం మీద ఈగ వాలింది. ఆమె దాన్ని తోలలేదు.

"పాత నెలదేదో చదివుంటుంది బావా. ఒక్కోసారి ఫోనులో పాతది ఇరుక్కుపోతుంది."

ముప్పయ్యేళ్లు జనం ఊపిరి విన్న మనిషి, ఆమె ఊపిరీ విన్నాడు.

"పాత నెలలో బాగుందని కదమ్మా చదివింది" అన్నాడు మెల్లగా. "సరేలే. అన్నం తిను."

బుధవారమంతా ఆయన ఊరుకోలేదు. పంపు దగ్గర వరసలో నిలబడి, వచ్చిన ప్రతి బిందెకీ ఫోను వినిపించాడని అక్క చెప్పింది. కొందరు విన్నారు, తమ ఫోను తెరిచి చూశారు, ఖాళీ గడి చూపించి నవ్వారు. ఎవడో ఆయన చేతికర్ర తీసి పంపుకి అవతల పెట్టాడట, నీ ఫోనుని అడుగు కర్ర ఎక్కడుందో చెబుతుంది అని. కర్ర వెతుక్కుంటుంటే కాలు జారి మోకాలు చీరుకుపోయిందట. అక్క ఇదంతా ఫోనులో చెబుతూ ఏడవలేదు. వంటింటి సామాన్ల చిట్టా చదివినట్టు చెప్పింది.

"నువ్వొచ్చి ఒక్క ముక్క చెప్పవే. ఉందంటే ఉందను, లేదంటే లేదను. ఈయన పరువు నీ నోట్లో ఉంది."

"పనిలో ఉన్నానక్కా" అంది పేజీలమ్మ. ఆ మాట అబద్ధం కాదు. శుక్రవారం పండగకి ఆహ్వానం పేజీ పెడుతోంది. పెద్దవాళ్ల ఫోటోల చుట్టూ బంగారు రంగు గీత గీయమన్నారు.

గురువారం పదిన్నరకి బావే వచ్చాడు. వెంట అక్క, కుట్టుమిషను ఆవిడ, ఇంకో అయిదారుగురు. కొందరు నిజం తెలుసుకుందామని, కొందరు తమాషా చూద్దామని. బావ మోకాలికి గుడ్డ కట్టి ఉంది. సెక్షను పెద్ద కుర్చీలోంచి లేచి, "రండి పెద్దాయనా, కూర్చోండి" అన్నాడు. ఎంత మర్యాదంటే, ఆయన సొంత తండ్రి చూస్తే కుళ్లుకునేవాడు.

"కూర్చోడానికి రాలేదు బాబూ. మా నీళ్ల సంగతి చెప్పండి."

"చెప్పడమెందుకు, చూపిస్తాను."

పేజీలమ్మ టేబుల్ మీది తెరను ఆయన రెండు చేతులతో పట్టుకుని జనం వైపు తిప్పాడు. నాలుగు రోజుల్లో ఆయన చేతులు ఏ పనికైనా ముందుకు రావడం అదే మొదలు.

"అందరూ చూడండి. మిల్లు లైను. ఏమన్నా ఉందా?"

మెడలు సాచారు. పదకొండో వరసలో రెండు తెల్లగడులు.

"ఏం లేదు" అంది కుట్టుమిషను ఆవిడ.

"ఫలితం ఇంకా రాలేదు. వచ్చాక పెడతాం. లేనిది ఉందని వీధిని భయపెడితే ఎలా చెప్పండి? పసిపిల్లలున్న ఇళ్లు."

బావ జేబులోంచి ఫోను తీశాడు. బొటనవేలితో తడిమి నొక్కాడు. ఆడగొంతు, విసుగూ విరామం లేకుండా, గదంతా వినిపించేలా చదివింది: మిల్లు లైను. రెండో తారీకు. పరిమితికి నాలుగింతలు. తాగుటకు పనికిరాదు.

ల్యాబు అతను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో. పేజీలమ్మ అతని వైపు చూసింది. అతను తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"యంత్రాలన్నాక పిచ్చి పట్టడం మామూలే" అన్నాడు సెక్షను పెద్ద. "పేజీ రాసే మనిషి ఇక్కడే ఉంది కదా. మీ చుట్టమేనటగా. అమ్మా, మీరే చెప్పండి. అందులో ఏమన్నా ఉందా?"

అందరి కళ్లూ ఆమె వైపు తిరిగాయి. బావ మొహం మాత్రం కొద్దిగా పక్కకి వంగింది, చెవి ఆమె వైపు. ఆమె చెయ్యి మౌసు మీద ఉంది. ఆ రెండు గడుల మీదుగా ఒక్కసారి ఈడ్చితే చాలు. పట్టుకున్న చోటల్లా నీలం పరుచుకుంటుంది, నీలం మీద తెల్ల అక్షరాలు తేలతాయి. జానెడు దూరం. ఒక్క వేలి పని.

"ఏం లేదు" అంది.

బావ తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు, తనలో తను ఏదో సరిచూసుకున్నట్టు. ఆమె అబద్ధాన్ని ఆయన విన్నాడు. విన్నాడని ఆమెకీ తెలిసింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని జనం వైపు తిరిగాడు.

"అయితే నాదే పొరపాటు. పాత ఫోను. చెవులూ పాతవే. మన్నించండి, మీ పనులు చెడగొట్టాను."

"చెవిలో నూనె అన్నానా లేదా" అంది కుట్టుమిషను ఆవిడ. ఇద్దరు నవ్వారు. ఒకాయన జాలిపడి బావ భుజం పట్టుకుని మెట్లు దింపాడు. మరదలి కుర్చీ కాపాడటానికి ఆ మనిషి వీధి వీధంతటి ముందు పిచ్చివాడయ్యాడు. ఇంత సులువుగా పోయే పరువును సంపాదించడానికి ఆయనకి అరవై మూడేళ్లు పట్టింది.

అక్క కదల్లేదు. అందరూ దిగిపోయాక గోడవారగా పెట్టిన గోనెసంచీ తెచ్చి, అందులోంచి సోమవారం నాటి క్యాను తీసి టేబుల్ మీద, కీబోర్డు మీదే పెట్టింది. సగం నీళ్లున్నాయి. బరువుకి ఏవో మీటలు నొక్కుకుపోయి తెర మీద ఒకే అక్షరం వరసగా పడసాగింది.

"సోమవారం ఇది ఎందుకు తెచ్చావు?"

పేజీలమ్మ క్యాను పక్కకి జరపబోయింది, అక్క జరపనివ్వలేదు.

"మా పసిదానికి మటుకు తెచ్చావు. పక్కింటి పిల్ల నీ ఎదురుగానే పంపు నీళ్లు తాగింది. చెంబు నేనే చూశాను. నువ్వు చెప్పులేసుకుని పోయావు."

"అక్కా, నా పరిస్థితి..."

"పరిస్థితి లేనిదెవరికే?" అంది అక్క. ఎంత మామూలుగా అందంటే, ఉప్పుందా అని అడిగినట్టు. సంచీ మడిచి చంకలో పెట్టుకుని, మొగుడు ఒక్కడే మెట్లు దిగుతున్నాడని గుర్తొచ్చి, గబగబా వెళ్లింది. క్యాను అక్కడే ఉండిపోయింది.

శుక్రవారం ఆమె అందరికంటే ముందు ఆఫీసుకొచ్చింది. వాకిట్లో షామియానా కడుతున్నారు. కుర్చీలో కూర్చుని పేజీ తెరిచింది. తెల్లగడులు తెల్లగానే ఉన్నాయి. బావకి ఏం వినిపించిందో తనూ ఒకసారి చూడాలనిపించింది. రాసిన మనిషికే తాను రాసినది కనబడకుండా పోయింది, ఇదేం బతుకు అనుకుంది. తెర అడుగున 'కోడు' అన్న చెవి నొక్కింది.

ముళ్లు, పోగులు. ఈసారి మూసెయ్యలేదు. వేలు తెరకి ఆనించి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు, వరస వెంట వరస దిగింది. గుర్తుల మధ్య తను కొట్టిన మాటలు ఒక్కొక్కటీ తగిలాయి. వీధి పేర్లు, తారీకులు. మిల్లు లైను. పరిమితికి నాలుగింతలు. తాగుటకు పనికిరాదు. నల్లగా ఉన్నాయి. ఈ వెనకవైపు అక్షరాలన్నిటిదీ ఒకటే రంగు. ఇక్కడ దాపరికం లేదు. దాచిన సంగతి కూడా పక్కనే రాసి ఉంది: రంగు అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాట, దాని వెంట ఆరు ఎఫ్ అక్షరాలు, దడి కట్టినట్టు. తెలుపంటే ఇదన్నమాట.

ఒక్కొక్క ఎఫ్ చెరిపింది. ఆరు. రెండో గడిలో ఇంకో ఆరు. 'పేజీ' నొక్కి చూసింది. అక్షరాలు నల్లగా లేచి కూర్చున్నాయి. పైకి పంపింది. ఇంక నాకు ఈ కుర్చీ లేదు అనుకుంది. అనుకున్నాక కాస్త తేలికగా కూడా అనిపించింది. కుర్చీ పోతే లెక్క తీరిపోతుందని ఆమె ఊహ.

తీరలేదు. పది గంటలకల్లా మిల్లు లైను ఫోన్లన్నీ మోగాయి. పదకొండుకి పెద్దవాళ్ల కారు సగం దారిలో వెనక్కి తిరిగింది. మధ్యాహ్నం సెక్షను పెద్ద ఆమె దగ్గరికొచ్చాడు. అరుస్తాడనుకుంది. ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. చేతిలో ఒక కాగితం ఉంది. ఆమె ఏడాది కాగితం కాదు.

"ఇందులో మార్పుల జాబితా అని ఒకటుంటుంది, తెలుసా అమ్మా? పైనుంచి ఇప్పుడే పంపారు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అన్నీ రాసుకుంటుంది. సోమవారం పదకొండూ నలభైకి రంగు తెలుపు చేసినది మీరు. ఇవాళ తీసినదీ మీరే."

"మీరు చెప్పారు కదా సార్."

"ఏం చెప్పాను?"

"కనిపించకూడదన్నారు."

"అది ఈ జాబితాలో ఎక్కడుంది?" ఆయన నిజంగానే వెతికినట్టు కాగితం మీద వేలు నడిపించాడు. "మాట జాబితాలోకెక్కదమ్మా. చెయ్యి ఎక్కుతుంది."

ఆయన కళ్లలో కోపం లేదు. జాలి లాంటిది కూడా ఉంది. వర్షంలో తడిసినవాణ్ని గొడుగు ఉన్నవాడు చూసే చూపు.

"ప్రకటన పెట్టాలి. మీరే కొట్టండి, ఇవాళ్టికి ఇంకా మీరే కదా. రాసుకోండి: మిల్లు లైను ఫలితం పేజీ రాసే ఉద్యోగిని పొరపాటు వల్ల నాలుగు రోజులు కనబడలేదు. సదరు ఉద్యోగినిని తొలగించడమైనది."

ఆమె కొట్టింది. వేళ్లు అలవాటు కొద్దీ కదిలాయి. 'ఉద్యోగిని' దగ్గర ఒత్తు తప్పింది, దిద్దింది. "శీర్షిక లావు చెయ్యండి" అన్నాడాయన. చేసింది. "ఎరుపు పెట్టండి, జనానికి కనబడాలి." ఎరుపు పెట్టింది. పైకి పంపే బటన్ కూడా ఆమె చేతే నొక్కించాడు. జాబితాలో అదీ ఆమె పేరు మీదే ఎక్కింది.

లేచి బయటికొస్తుంటే వరండాలో ల్యాబు అతను ఎదురయ్యాడు. "నేను సంతకం పెట్టాను. నా వంతు నేను చేశాను" అన్నాడు, ఆమె ఏమీ అడక్కుండానే.

"అవును. నేనూ అదే అనుకున్నాను సోమవారం, పేజీలో ఉంది కదా అని" అంది.

మిల్లు లైనులో ఎండ ఇంకా దిగలేదు. ట్యాంకరు వచ్చి వీధి మొదట్లో ఆగింది. బిందెలు, బక్కెట్లు, నూనె డబ్బాలు ఆ చివరి దాకా. పిల్లల రక్తం పరీక్షకి ఆస్పత్రిలో చీటీలు ఇస్తున్నారట, మూడేళ్లలోపు వాళ్లకి ముందు. కుట్టుమిషను ఆవిడ మనవరాలిని చంకనేసుకుని, రెండో చేత్తో ఫోను పట్టుకుని ప్రకటన పైకి చదువుతోంది. పేజీలమ్మను చూసి ఆపేసింది. చంకలోని పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది, దూరం పెట్టినట్టు.

"ఇదుగో, పొరపాటు నడిచొస్తోంది" అంది ఎవరో.

ట్యాంకరు చక్రం పక్కన ఎవరో వేసిన స్టూలు మీద బావ కూర్చుని ఉన్నాడు. మొన్న కర్ర దాచినవాడే ఇవాళ ఆయన బిందె పట్టి పెడుతున్నాడు, మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక. అడుగుల చప్పుడుకి బావ తలెత్తాడు.

"మరదలా?"

"నేనే బావా."

"నిన్న పొరపాటు నాదన్నాను. ఇవాళ పొరపాటు నీదంటున్నారు. అన్ని పొరపాట్లూ మనవే అయితే, కావాలని చేసినవాడెవడమ్మా?"

ఆమె ఏదో అనబోయింది. క్షమించమని అడుగుదామని దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఉన్నాయి. వరస మధ్యలో అక్క నిలబడి ఉంది. నడుం మీద బిందె, చూపు ట్యాంకరు గొట్టం మీద. ఇటు తిరగలేదు. ఆ వీపుని చూస్తే క్షమించమనడానికి నోరు రాలేదు. క్షమాపణ అడిగితే అదీ తన కోసమే అవుతుంది, సోమవారం నాటి క్యానులాగా.

ఆమె స్టూలు పక్కన నిలబడింది. పద్దెనిమిదేళ్లు వేళ్లతోనే మాట్లాడిన మనిషి.

"పొరపాటు కాదు" అంది. "సోమవారం పొద్దున్నే నాకు తెలుసు. తెల్లరంగు నేనే వేశాను. నిన్న మీ అందరి ముందూ లేదన్నది అబద్ధం. ఈయన విన్నది నిజం. శుక్రవారం దాకా కనిపించకూడదని సెక్షను పెద్ద నా కుర్చీ వెనక నిలబడి చెప్పాడు. కొత్త గొట్టాలేసిన చోటే చెడిందని ల్యాబు అతను చెప్పాడు. జాబితాలో ఇవేవీ ఉండవు. ఎక్కడ ఎవరడిగినా నేను నోటితో చెబుతాను."

ట్యాంకరులోంచి నీళ్లు పడుతున్న చప్పుడు. ముందున్న నలుగురైదుగురు విన్నారు. కుట్టుమిషను ఆవిడ పెదాలు బిగించింది, పిల్ల తల మీద చెయ్యి వేసి అదిమి పట్టుకుంది. వెనక ఎవరో, ఏమంటోంది, ఏమంటోంది అని అడుగుతున్నారు.

అక్క నడుం మీది బిందె కిందికి దించింది. ట్యాంకరు మనిషిని చూసి, గొట్టం కాసేపు కట్టెయ్యమని చేత్తో సైగ చేసింది. నీళ్ల చప్పుడు ఆగింది. ఇటు తిరగకుండానే అంది:

"గట్టిగా చెప్పు. వెనకవాళ్లకి వినపడలేదు."